మూడు మిల్లీగ్రాముల ఎముక

పక్కన డోలు మోగుతుంటే తప్ప మాట వినపడని ఒకావిడ గురించి థామస్ విల్లిస్ అనే ఇంగ్లండు వైద్యుడు 1672లో రాశాడు. మామూలప్పుడు ఎంత గట్టిగా పిలిచినా ఆవిడ పలకదు. డోలు మోత మొదలైందంటే చక్కగా జవాబు చెబుతుంది. అందుకని ఆమె భర్త డోలు వాయించడం వచ్చిన మనిషినే వెతికి ఇంట్లో పనికి పెట్టుకున్నాడట. భార్యతో నాలుగు మాటలు చెప్పుకోవాలంటే ముందు వాణ్ణి పిలవాలి!

విల్లిస్ తనకు తోచిన కారణమేదో చెప్పాడు గానీ అది నిలవలేదు. ఇప్పుడైతే ఈఎన్‌టీ డాక్టర్లకు ఈ లక్షణం బాగా పరిచయం. డోలు మోగుతుంటే మాట్లాడేవాళ్లు తమకు తెలియకుండానే గొంతు పెంచుతారు. అవతలి మనిషికి లోపలి చెవి బాగానే ఉండి, శబ్దం లోపలికి వెళ్లే దారి మాత్రం మూసుకుపోయి ఉంటే, డోలు హోరు ఆమెను అంతగా బాధించదు. పెరిగిన గొంతు మాత్రం అందుతుంది. ఆ దారికి చిట్టచివర ఉన్నది శరీరంలోకెల్లా చిన్న ఎముక, అంకవన్నె.

కర్ణభేరి వెనక కూటకం, దాగలి, అంకవన్నె అని మూడు ఎముకలు వరసగా ఉంటాయని బళ్లో చదువుకున్నాం. అవి ఎందుకున్నాయో అంత వివరంగా చదువుకోలేదు. లోపలి చెవి నిండా ద్రవం. గాలిలో వచ్చిన శబ్దం ద్రవం మీద నేరుగా పడితే వెయ్యింట తొమ్మిది వందల తొంభై తొమ్మిది వంతులు వెనక్కి తిరిగిపోతుంది. ఆ నష్టాన్ని పూడ్చేది ఈ ఎముకల గొలుసు. కర్ణభేరిలో కదిలే భాగం వైశాల్యం అంకవన్నె పాదం కన్నా సుమారు 17 రెట్లు ఎక్కువ. దానికి ఎముకల మీటబలం తోడై, పాదం దగ్గర ఒత్తిడి దాదాపు 22 రెట్లు పెరుగుతుంది. ఇంత పని చేసే అంకవన్నె బరువు 3 మిల్లీగ్రాములు. దాని పాదం చుట్టూ కొత్త ఎముక పెరిగి, అది ఆనుకుని ఉండే లోపలి చెవి కిటికీలో కదలకుండా బిగుసుకుపోతే వచ్చే చెవుడు ఒటోస్క్లిరోసిస్. ఇది ఎక్కువగా ఇరవై, నలభై ఏళ్ల మధ్య బయటపడుతుంది, ఆడవాళ్లలో ఎక్కువ. చెవి శస్త్రవైద్యం పడిన తిప్పలన్నీ ఈ ఒక్క ఎముక చుట్టూ చెప్పుకోవచ్చు.

ఈ ఎముక ఉందన్న సంగతే మనిషికి ఆలస్యంగా తెలిసింది. మన సుశ్రుతసంహిత చెవి రోగాలను 28గా లెక్కపెట్టింది. తెగిన చెవితమ్మెను అతికే విద్య దానిలో చాలా వివరంగా ఉంది. కానీ కర్ణభేరి వెనకకు చూపు పోలేదు, గ్రీకులకూ పోలేదు. 1543లో వెసాలియస్ తన గొప్ప శరీరశాస్త్ర గ్రంథంలో మొదటి రెండు ఎముకలను వర్ణించి, మూడోది చూడకుండా వదిలేశాడు. నేపుల్స్‌లో పాఠాలు చెబుతున్న ఇంగ్రాసియా 1546లో దాన్ని పట్టుకున్నాడు. 1704లో బొలోన్యా పండితుడు వల్సాల్వా చెవి మీద పుస్తకం వేస్తూ, ఒక చెవిటి మనిషి శవంలో అంకవన్నె కిటికీకి అతుక్కుపోయి ఉండటం చూశానని రాశాడు. కారణం దొరికింది. కానీ చనిపోయినవాడిలో దొరికింది. బతికున్నవాడి చెవిలోకి చూడటానికి అప్పటికి దీపం కూడా సరిగా లేదు.

19వ శతాబ్దం మధ్యదాకా ఈ విజ్ఞానమంతా శవాగారంలోనే పెరిగింది. 1827లో బీథోవెన్ చనిపోయినప్పుడు, అతని చెవుడు సంగతి తేల్చాలని కణత ఎముకలు కోసి తీశారు. తర్వాత అవి ఎక్కడికో పోయాయి. అందుకే ఆ చెవుడు ఏ రకమన్న వాదన ఇప్పటికీ తెగలేదు. లండన్‌లో జోసెఫ్ టాయిన్బీ వెయ్యికి పైగా కణత ఎముకలు కోసి చూసి, బిగిసిన అంకవన్నె అరుదైన వింత కాదని, చెవుడుకు పదేపదే కనిపించే కారణమని రుజువు చేశాడు. అంత ఓపిక గల మనిషి 1866లో చెవి హోరుకు మందు కనిపెట్టాలని క్లోరోఫామ్, ప్రూసిక్ ఆమ్లం ఆవిర్లు తనమీదే ప్రయోగించుకుని, తన గదిలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. వియన్నాలో ఆడం పొలిట్జర్, యోసెఫ్ గ్రూబర్ కలిసి 1873లో చెవి రోగాలకు ఆస్పత్రి విభాగం తెరిచారు. చెవి వైద్యం ఒక ప్రత్యేక విద్యగా నిలబడింది అప్పుడే. బిగిసిన అంకవన్నె మధ్యచెవి జలుబు ఫలితం కాదనీ, ఎముకలోనే మొదలయ్యే వేరే జబ్బనీ 1890ల మొదట్లో తేల్చిందీ పొలిట్జరే.

కత్తి పెట్టడం మాత్రం అప్పటికీ ప్రాణాంతకమే. 1791లో డెన్మార్క్ రాజవైద్యుడు బెర్గర్ చెవి హోరు, వినికిడి తగ్గుదల పోతాయని చెవి వెనక ఎముకకు రంధ్రం పెట్టించుకుని, కొద్ది రోజుల్లోనే మెదడు పొరల వాపుతో చనిపోయాడు. ఒక్క రాజవైద్యుడి చావుతో యూరప్‌లో ఆ ఆపరేషన్ ఎన్నో దశాబ్దాలు మూలపడింది. నిజానికి చీము తీయడానికి ఎముక తెరవడం ఎంతో పనికొచ్చే చికిత్స. అక్కర్లేని జబ్బుకు చేసి అక్కరకొచ్చే ఆపరేషన్‌ను పోగొట్టుకున్నారు. దాన్ని మళ్లీ నిలబెట్టింది 1873లో హాలె నగరపు హెర్మన్ ష్వార్ట్‌జె. డబ్లిన్‌లో విలియం వైల్డ్ చెవి వెనక కోత పెట్టి చీము తీసే పద్ధతితో పేరు పొందాడు. ఆయన 1853లో వేసిన చెవి వైద్య గ్రంథం చాలాకాలం ప్రామాణికం. ఆయన కొడుకే రచయిత ఆస్కార్ వైల్డ్. 1900లో పారిస్‌లో ఆ కొడుకు ముదిరిన చెవి జబ్బుకు ఆపరేషన్ చేయించుకుని, కొన్ని వారాలకే మెదడు పొరల వాపుతో పోయాడు.

ఇంతకన్నా విచిత్రం అంకవన్నె కథ. 1876లో యోహాన్నెస్ కెస్సెల్ బిగిసిన అంకవన్నెను కదిలించి చూశాడు. కదలకపోతే తీసేశాడు కూడా. ఫ్రాన్స్‌లో కామీల్ మియో 1890లో 200 మందికి ఈ పని చేశానని వివరంగా ప్రకటించాడు. చాలామందికి మేలు జరిగిందన్నాడు. బోస్టన్‌లో ఫ్రెడరిక్ జాక్ అంకవన్నెలు తీసేసి వినికిడి వచ్చిందని రాశాడు. అంటే, ఇప్పుడు చేసే ఆపరేషన్‌కు మూలమైన ఆలోచన 19వ శతాబ్దం ముగిసేలోపే చేతికొచ్చింది. కానీ శతాబ్దం తిరిగేసరికి పొలిట్జర్, సీబెన్‌మన్ లాంటి పెద్దలు సభల్లో దాన్ని గట్టిగా ఖండించారు. ప్రమాదకరమన్నారు, నిష్ప్రయోజనమన్నారు. మియో పత్రాలు గ్రంథాలయాల్లో పడి ఉన్నాయి. యాభై ఏళ్లకు పైగా అంకవన్నె జోలికి పోయినవాడు లేడు.

ఈ పెద్దలను మూర్ఖులుగా చూపించడం చరిత్రకారులకు ఒక సరదా. నాకది అన్యాయమనిపిస్తుంది. సూక్ష్మదర్శిని లేదు, తలకు కట్టుకున్న అద్దం నుంచి వచ్చే వెలుతురే దిక్కు. యాంటీబయాటిక్ లేదు. 3 మిల్లీమీటర్ల పాదాన్ని కంటితో చూస్తూ పెకలిస్తే లోపలి ద్రవం కారిపోతుంది, క్రిమి లోపలికి పోతుంది, అక్కణ్ణుంచి మెదడు ఎంతో దూరం లేదు. వినికిడి కొద్దిగా తగ్గిన రోగి శవమై ఇంటికి పోవడం పొలిట్జర్ తరం కళ్లారా చూసింది. వాళ్ల తప్పు వేరే చోట ఉంది. ఇప్పుడున్న పరికరాలతో వద్దు అనవలసిన చోట అసలే వద్దు అన్నారు. పరికరాలు మారాయి, తీర్పు మారలేదు.

అందుకే తర్వాతి తరం చుట్టుదారి పట్టింది. అంకవన్నెను ముట్టుకోకూడదు కనక లోపలి చెవికి మరో కిటికీ తెరవాలని స్టాక్‌హోమ్‌లో గున్నార్ హోల్మ్‌గ్రెన్ అనుకున్నాడు. ఆయన దగ్గర పనిచేసిన కార్ల్ నీలెన్ 1921లో ఒంటికంటి సూక్ష్మదర్శినితో చెవి ఆపరేషన్ చేశాడు. మరుసటి ఏడు హోల్మ్‌గ్రెన్ రెండు కళ్లతో చూసే సూక్ష్మదర్శిని తెచ్చాడు. ఇవాళ ప్రపంచంలో కన్ను, మెదడు, రక్తనాళం ఏది కోసినా వాడే ఆ పరికరం ముందు వాడుకలోకొచ్చింది చెవి కోసమే. కొత్త కిటికీ మళ్లీ ఎముకతో పూడుకుపోయేది. ఫ్రాన్స్‌లోని నాంట్‌లో సూర్దీయ్ అనే సర్జన్ ఆ కిటికీని చర్మంతో కప్పి, మూడు దఫాలుగా నెలల తరబడి చేసే పద్ధతి తయారుచేశాడు. 1937లో న్యూయార్క్ వచ్చి దాని మీద ఉపన్యసించాడు. శ్రోతల్లో జూలియస్ లెంపర్ట్ ఉన్నాడు.

లెంపర్ట్ పోలండ్ నుంచి వలసొచ్చిన యూదు కుటుంబం బిడ్డ. విశ్వవిద్యాలయాల పెద్దల మధ్య అతనికి చోటు లేదు, సొంత ఆస్పత్రి పెట్టుకున్నాడు. సూర్దీయ్ మూడు దఫాల పనిని ఒకే దఫాలో చేసే పద్ధతిని 1938లో ప్రకటించాడు. ఫెనెస్ట్రేషన్ అనే ఆ ఆపరేషన్ నేర్చుకోవడానికి అమెరికా నలుమూలల నుంచి సర్జన్లు అతని దగ్గరికి క్యూ కట్టారు. వినికిడి పూర్తిగా వచ్చేది కాదు. వారాల తరబడి తల తిరిగేది. చెవి వెనక మిగిలిన గుంతను జీవితాంతం డాక్టరు చేత శుభ్రం చేయించుకోవాలి. అయినా జనం ఎగబడ్డారు. పిల్లల మాట వినపడని తల్లికి ఆ గుంత ఒక లెక్కా!

1952 ఏప్రిల్‌లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆస్పత్రిలో శామ్యూల్ రోజన్ ఇలాంటి ఆపరేషనే మొదలుపెడుతున్నాడు. కిటికీ తెరిచేముందు అంకవన్నె నిజంగా బిగిసిందో లేదో చూడాలని సన్నని పరికరంతో తాకాడు. చెవికి మాత్రమే మత్తు ఇవ్వడం వల్ల రోగి మెలకువగానే ఉన్నాడు. ఎముక కదిలింది. వినపడుతోందన్నాడు రోగి. అంతటితో పొంగిపోకుండా రోజన్ శవాల మీద సాధన చేసి, పరికరాలు చేయించుకుని, 1953లో అంకవన్నెను కదిలించే ఆపరేషన్‌ను ప్రకటించాడు. తెలిసో తెలియకో మియో చేసిన పనికే తిరిగొచ్చాడు. తేడా ఒకటే, ఇప్పుడు పెన్సిలిన్ ఉంది.

రోజన్ తర్వాత 1960ల మొదట్లో సూడాన్‌లోని మబాన్ తెగ దగ్గరికి వెళ్లాడు. తుపాకీ మోతగానీ యంత్రాల రొదగానీ ఎరగని మనుషులు వాళ్లు. ముసలివాళ్లకు కూడా వినికిడి బాగానే ఉందని అక్కడ కొలిచి చూపించాడు. వయసు వల్లే చెవుడొస్తుందన్న నమ్మకాన్ని కదిలించిన పని అది. ఊరేగింపులో డీజే పెట్టెల పక్కన పిల్లల్ని భుజాన ఎక్కించుకుని నిలబడే తండ్రులు మన దగ్గర దాన్ని చదివితే బావుండును.

రోజన్ కదిలించిన ఎముకలు చాలా చెవుల్లో మళ్లీ బిగుసుకునేవి. అప్పుడొచ్చాడు మెంఫిస్ కుర్రాడు జాన్ షే. వియన్నాలో చదువుకుంటూ, ఖండనకు గురై దుమ్ముపట్టిన పాత పత్రాలు తిరగేశాడు. కెస్సెల్, జాక్ తీసేసిన చోట ఏమీ పెట్టకపోవడమే లోపమని గ్రహించాడు. 1956 మే 1న ఒక స్త్రీ చెవిలో అంకవన్నెను మొత్తంగా తీసేసి, కిటికీ మీద సిర ముక్క కప్పి, టెఫ్లాన్‌తో చెక్కించిన నకలు అంకవన్నెను అమర్చాడు. వినికిడి వచ్చింది. పెద్దలు ఈసారీ కోప్పడ్డారు. అయినా ఫలితం చెవికి తెలిసేది కదా, నాలుగైదేళ్లలో ప్రపంచమంతా అదే చేసింది. ఒక తరం కష్టపడి నేర్చిన ఫెనెస్ట్రేషన్ మూలపడింది. లెంపర్ట్ దగ్గరికి వచ్చేవాళ్లు లేరు.

ఇప్పుడు పాదం మొత్తం తీయరు. దానిలో మిల్లీమీటరు కన్నా సన్నని రంధ్రం చేసి, అంకవన్నె పని చేసే చిన్న పిస్టన్ దింపుతారు. 1980 నుంచి ఆ రంధ్రానికి లేజర్ వాడుతున్నారు. గంటలోపు పని. నూటికి సుమారు ఒకరికి ఆ చెవి పూర్తిగా పోతుంది కనక రెండు చెవులూ ఒకేసారి ముట్టుకోరు. పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బే తగ్గిపోతోందని సర్జన్లంటున్నారు. తట్టు టీకా కారణం కావచ్చని ఒక అనుమానం. యువ సర్జన్లకు చెయ్యి తిరగడానికి కేసులు దొరకడం లేదని అక్కడి శిక్షకుల బెంగ.

మన ఊళ్లలో బెంగ వేరు, చీము కారే చెవి. ఇక్కడ చెవుడుకు పెద్ద కారణాల్లో అదొకటి. వేడి నూనె, ఆకు పసరు, ఎవరో చెప్పిన చిట్కా అన్నీ ఆ చెవిలో పడ్డాక గానీ కోఠీ ఈఎన్‌టీ ఆస్పత్రి గుమ్మం తొక్కరు. చిరిగిన కర్ణభేరిని అతికే విద్యకు జర్మనీలో వుల్‌స్టైన్, త్సోల్నర్ 1950ల మొదట్లో పద్ధతి కట్టారు. అదే కాలంలో జైస్ కంపెనీ ఆపరేషన్ సూక్ష్మదర్శిని మార్కెట్లోకి వచ్చింది. కణత కండరం మీది పొరను ముక్కగా తీసి కర్ణభేరికి అతికే పద్ధతి కొద్ది ఏళ్లకే స్థిరపడింది. మన ప్రభుత్వాస్పత్రుల్లో రోజూ జరిగేది ఈ ఆపరేషనే. నోబెల్ రాదు, వార్త కాదు. ఈ చరిత్రలో ఎక్కువమందికి వినికిడి తిరిగిచ్చింది బహుశా ఇదే.

ఇంతవరకూ చెప్పుకున్నదంతా శబ్దం లోపలికి వెళ్లే దారి మరమ్మతు. లోపలి చెవే పాడైతే? అలెస్సాండ్రో వోల్టా తను కనిపెట్టిన బ్యాటరీ తీగలు రెండు చెవుల్లో పెట్టుకుని కరెంటు పంపుకున్నాడు. తల అదిరింది, చిక్కటి ద్రవం కుతకుతలాడుతున్నట్టు వినపడింది. 1800లో లండన్ రాయల్ సొసైటీకి రాసిన ఉత్తరంలో ఆ సంగతి చెప్పి, మళ్లీ ఆ ప్రయోగం జోలికి పోలేదు. లోపలి చెవిలో చుట్టలు తిరిగి ఉండే కర్ణావర్తంలో ఏ చోట ఏ స్వరం కదులుతుందో బుడాపెస్ట్ టెలిఫోను ప్రయోగశాలలో పనిచేసిన బెకెషీ శవాల చెవుల్లో కళ్లారా చూసి చెప్పాడు. దానికి 1961లో నోబెల్ వచ్చింది. అతను డాక్టరు కాదు, భౌతిక శాస్త్రవేత్త.

1957 ఫిబ్రవరిలో పారిస్‌లో జూర్నో, ఎయ్‌రియెస్ ఒక రోగి శ్రవణనాడికి తీగచుట్ట అమర్చారు. ఆ సంగతి విని లాస్ ఏంజెలెస్‌లో విలియం హౌస్ 1961లో కర్ణావర్తంలోకి తీగ దింపాడు. కెస్సెల్ అనుభవమే హౌస్‌కూ ఎదురైంది. నాడీశాస్త్రవేత్తలు మండిపడ్డారు. శబ్దాన్ని నాడికి అందించే వేల రోమకణాలు చేసే పనిని ఒక్క తీగ ఎలా చేస్తుందన్నారు. నిజానికి ఆ ఒక్క తీగతో మాట అర్థమయ్యేది కాదు. పెదవుల కదలిక చదివేవాళ్లకు ఆసరా మాత్రం అయ్యేది. ఈసారి మాత్రం సభలో చేతులెత్తి ఖండించి ఊరుకోలేదు. ప్రభుత్వ డబ్బుతో రోగులను పరీక్షించి, 1977లో నివేదిక రాయించారు. హౌస్ పరికరానికి 1984లో అమెరికా ప్రభుత్వ అనుమతి దొరికింది.

మాట అర్థమయ్యేట్టు చేసినవాళ్లలో ముందువరసలో ఉన్నది ఆస్ట్రేలియాకు చెందిన గ్రేమ్ క్లార్క్. మందుల దుకాణం నడిపే తండ్రికి చెవుడు. గిరాకీల మాటలు వినపడక ఆయన పడే అవస్థ చూస్తూ క్లార్క్ పెరిగాడు. పరిశోధనకు డబ్బు పుట్టక టీవీ టెలిథాన్‌లో జనం చందాలతో నెట్టుకొచ్చాడు. చుట్టలు తిరిగిన కర్ణావర్తంలోకి తీగల కట్టను విరగకుండా ఎలా తోయాలో అంతుపట్టలేదు. 1977లో సముద్రం ఒడ్డున ఒక నత్తగుల్లలోకి గడ్డిపరక దూర్చి చూశాడు. మొన మెత్తగా, మొదలు గట్టిగా ఉన్న పరక సాఫీగా లోపలికి పోయింది. 1978 ఆగస్టు 1న కారు ప్రమాదంలో వినికిడి పోయిన రాడ్ సాండర్స్‌కు అలాంటి తీగలు అమర్చాడు. తర్వాతి పరీక్షల్లో జాతీయగీతం వినిపిస్తే సాండర్స్ లేచి నిలబడ్డాడు. వియన్నాలో ఇంజనీర్లు ఇన్‌గెబోర్గ్, ఎర్విన్ హోఖ్‌మైర్ దంపతులు అంతకు ఎనిమిది నెలల ముందే తమ పరికరం పెట్టించారు. ఎవరు ముందన్న గొడవ ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. 2013లో క్లార్క్, ఇన్‌గెబోర్గ్, మాటను విద్యుత్ సంకేతాలుగా మార్చే పద్ధతి కనిపెట్టిన అమెరికన్ బ్లేక్ విల్సన్ ముగ్గురికీ కలిపి లాస్కర్ బహుమతి ఇచ్చారు.

ఈ పరికరాల మీద చెవిటివారి సంఘాల నుంచి వచ్చిన అభ్యంతరం తేలిగ్గా తీసేయదగింది కాదు. సైగభాష పూర్తి భాష, మా పిల్లల తలలో తీగ పెట్టి మమ్మల్ని జబ్బు మనుషులను చేయకండని 1990ల్లో అమెరికాలో వాళ్లు గట్టిగానే అడిగారు. 1880లో మిలాన్‌లో కూడిన ఉపాధ్యాయుల మహాసభ బడుల్లో సైగలను నిషేధించాలని తీర్మానించి, తరాల పిల్లల చదువు పాడుచేసింది. చెవిటివారి కోపం వెనక ఆ చరిత్ర ఉంది.

తెలుగునాట ఈ కథకు రెండు ముడులున్నాయి. ఒకటి మేనరికం. తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉన్న ఒకే జన్యులోపం బిడ్డలో కలిస్తే పుట్టుచెవుడు వస్తుంది. దగ్గరి చుట్టరికంలో ఆ అవకాశం ఎక్కువ. మన దేశంలో పుట్టుచెవుడు పిల్లల్లో తరచూ కనిపించేది కనెక్సిన్ 26 అనే ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువులో లోపం. రెండోది ఆరోగ్యశ్రీ. 2007లో మొదలైన ఆ పథకంలో కర్ణావర్తంలో తీగలు దింపే ఈ పరికరాలను, అంటే పసిపిల్లల కాక్లియర్ ఇంప్లాంట్లను చేర్చారు. లక్షల ఖర్చయ్యే ఆపరేషన్ కూలి తల్లిదండ్రులకు అందింది. ఆపరేషన్ తర్వాత మాట నేర్పే శిక్షణకూ చోటిచ్చారు. అది లేకపోతే ఇంప్లాంట్ తలలో ఉత్త వస్తువు. మెదడు మాట నేర్చుకునే వయసు దాటకముందే పెట్టాలి. దిగుమతి ధర భరించలేక, విశాఖలోని నౌకాదళ పరిశోధనా సంస్థ ఎన్‌ఎస్‌టీఎల్ దేశీయ ఇంప్లాంట్ తయారీకి పూనుకుంది. నీటి కింద శబ్దాన్ని పట్టే శాస్త్రజ్ఞులు చెవి వైపు తిరగడం వింతేమీ కాదు. అయినా తల్లిదండ్రులు చెప్పే కష్టం ఇప్పటికీ ఒకటే. ఆపరేషన్ ఉచితం, మాటను సంకేతాలుగా మార్చే బయటి ప్రాసెసర్ నాలుగేళ్లకు పాడైతే ఎవరు కొనిపెడతారు?

2024 మొదట్లో షాంఘై వైద్యులు ఒటోఫెర్లిన్ అనే జన్యువు లోపంతో పుట్టిన ఆరుగురు పిల్లల చెవుల్లోకి సరైన జన్యువును వైరస్ ద్వారా పంపిన ఫలితాలు ప్రకటించారు. ఐదుగురికి వినికిడి వచ్చింది. తీగ లేకుండా, జన్యువుతోనే పుట్టుచెవుడు బాగుపడిన తొలి ఫలితాల్లో ఇదొకటి. పుట్టుచెవుడులో ఒటోఫెర్లిన్ లోపం వాటా తక్కువ. మన పిల్లల్లో ఎక్కువగా కనిపించే కనెక్సిన్ 26 లోపానికి అలాంటి చికిత్స ఆ ఫలితాలు వచ్చేనాటికి జంతువుల మీద ప్రయోగాల దగ్గరే ఉంది.